శారదాంబ దాచినవి

మా ఆవిడ శారదాంబ రాక్షసి అన్న సంగతి, సినిమా విడుదల కాకముందే మెల్‌బోర్న్ శివార్లలోని క్లైడ్ నార్త్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది. ట్రైలర్ వచ్చింది కదా మరి. అందులో ఒక అత్తగారు వంటింట్లో నిలబడి, మెల్లగా ఇటు తిరిగి, చిన్నగా నవ్వుతుంది. అంతే. ఆ నవ్వు పుణ్యమా అని, పార్కులో సాయంత్రం నడకకు వచ్చే ఆడవాళ్ళు మా ఆవిడ నవ్వితే ఒక అడుగు వెనక్కి వెయ్యడం మొదలుపెట్టారు. సాయిప్రియ అని ఒక అమ్మాయి ఉంది, ఆ పిల్లకు నోటికీ మనసుకీ మధ్య తలుపు లేదు. ‘ఆంటీ, ఆ క్యారెక్టర్ మీరేనటగా!’ అని నా ముందే అడిగేసింది. మా ఆవిడ ‘నేనేనమ్మా, నా డేట్స్ కుదరక వేరేవాళ్ళని పెట్టుకున్నారు’ అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ సినిమాకు మూలం మా కోడలు నీరజ రాసిన నవల. పేరు ‘ఖాళీ సొరుగు’. మొదట ఇంటర్నెట్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది, తర్వాత పుస్తకమైంది, ఆ తర్వాత హైదరాబాదు నుంచి ఒక కుర్ర దర్శకుడు ఫోన్ చేసి సినిమా తీస్తానన్నాడు. కథ ఇదీ: మెల్‌బోర్న్‌లో ఒక కోడలికి పురుడు వస్తుంది. సాయానికి అత్త వస్తుంది. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. కోడలు అడిగితే, ‘నేను తియ్యలేదమ్మా, నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు’ అంటుంది అత్త, చల్లగా. అలా కోడలికి పిచ్చి పట్టించి, పసిబిడ్డను తన సొంతం చేసుకోవాలని ఆవిడ పన్నాగం. దీన్ని సైకలాజికల్ థ్రిల్లర్ అంటారట.

చదివినవాళ్ళంతా ‘అబ్బ, ఏం ఊహండీ!’ అని నీరజను మెచ్చుకున్నారు. ఆ పన్నాగం తీసేస్తే అందులో ఊహ బహు తక్కువ. మా ఇంట్లో వస్తువులు నిజంగానే మాయమయ్యాయి. మాయం చేసింది మా ఆవిడే. అవి ఉన్నది నా సూట్‌కేసులో.

ఇక్కడ ఆగి అసలు సంగతి చెప్పాలి. లేకపోతే మీరూ సాయిప్రియలాగే అడుగు వెనక్కి వేస్తారు.

కరోనా ఏడాది అది. నీరజ శ్రీమంతానికని మేమిద్దరం ఫిబ్రవరిలో వచ్చాం. తొలికాన్పు పుట్టింటివాళ్ళు చెయ్యాలి గనక మేం వేడుక చూసి వెళ్ళిపోవాలనీ, ఆ పిల్ల తల్లి వచ్చి పురుడు పోయాలనీ అనుకున్నాం. ఈలోగా విమానాలు ఆగిపోయాయి. ఆవిడ రాలేకపోయింది, మేం పోలేకపోయాం. చైత్ర పుట్టింది. మా అబ్బాయి అభినవ్ పొద్దస్తమానం పక్క గదిలో తలుపేసుకుని ఆఫీసు మీటింగుల్లో ఉండేవాడు. బయట లాక్‌డౌన్. ఇంటి గడప తొక్కే మనిషి లేడు.

కొన్ని వారాలకు నీరజలో తేడా కనిపించింది. పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే గోడ వంక చూస్తూ కూర్చునేది. అన్నం కలిపి చేతికిస్తే కలిపిన ముద్ద కలిపినట్టే ఉండేది. ఒక మధ్యాహ్నం మా ఆవిడతో, ‘నేను లేకపోతే పాపని మీరు బాగా చూసుకుంటారు కదా అత్తయ్యా’ అంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది.

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి, సొరుగులో ఉన్న కత్తులన్నీ తువ్వాలులో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ‘మీ సూట్‌కేసులో పెట్టి తాళం వెయ్యండి. ఎందుకని అడక్కండి’ అంది. ముప్ఫై ఏళ్ళు ఆర్టీసీలో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా ఎవడు ఏ సంచీలో ఏం దాచాడో అడగడమే నా ఉద్యోగం. ఆ రోజు మాత్రం ఆవిడ మొహం చూసి నోరు పెగల్లేదు. తర్వాత మందుల అలమరలోని మాత్రలు వచ్చాయి. తర్వాత కారు తాళం. తర్వాత స్నానాల గది గడియ వదులైందని వంక పెట్టి, నా చేతే ఊడదీయించింది.

నీరజ వాటి కోసం వెతికేది. ‘అత్తయ్యా, కత్తి చూశారా?’ అని అడిగేది. ‘లేదమ్మా, నువ్వే ఎక్కడో పెట్టుంటావు’ అనేది మా ఆవిడ.

ఎందుకు అబద్ధం చెప్పిందంటారా? పచ్చి బాలింత ముందు ఆ మాట ఎలా అంటుంది? మా ఇళ్ళల్లో పరీక్ష పోతుందేమో అన్నా పెద్దవాళ్ళు నోరు మూయిస్తారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనం ఏదంటే దానికి తథాస్తు అనేస్తారు అని. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అందరం అంతే. అలాంటిది ‘నువ్వు చచ్చిపోతావేమోనని భయంగా ఉంది తల్లీ’ అని పైకి అంటే ఇంకేమన్నా ఉందా? అనకపోతే అది జరగదని మా ఆవిడ నమ్మకం. నమ్మి, నోరు కుట్టేసుకుంది. నా నోరు కూడా కుట్టేసింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళరా అని అభినవ్‌కు చెబితే ‘హార్మోన్స్ అమ్మా, నార్మలే’ అన్నాడు, గూగుల్ చూసి. పాపను చూసే నర్సు ఫోన్ చేసినప్పుడల్లా నీరజ ‘ఆల్ గుడ్, థాంక్యూ’ అనేది. చివరికి ఒకరోజు ఆ పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు మా ఆవిడే ఆ నర్సుకు ఫోన్ కలపమంది. తనకు వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని, ‘మై డాటర్ నో స్లీప్. మై డాటర్ క్రై. ప్లీజ్ కమ్’ అంది. కోడలిని ఇంగ్లీషులో ఏమంటారో ఆవిడకు తెలియని మాట నిజమే. తెలిసినా అలాగే అనేది.

నర్సు వచ్చింది, డాక్టరు చూసింది, మందులు ఇచ్చారు. రోజూ మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడేది. నెమ్మదిగా నీరజ మొహంలోకి వెలుగు వచ్చింది. ఒకరోజు పాపను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను పెరట్లోకి పోయి ఏడ్చాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు. కత్తులు సొరుగులోకి వచ్చాయి, గడియ తలుపు మీదికి వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. అవలేదు. ఆ రోజుల్లో వస్తువులు మాయమైనట్టు తాను భ్రమపడ్డానని నీరజ తీర్మానించేసుకుంది. తన బుర్ర తనను మోసం చేసిందనీ, దేవతలాంటి అత్తగారిని అనుమానించిందనీ కుమిలిపోయింది. విమానాలు మళ్ళీ తిరిగినా మేం వెళ్ళకుండా వాళ్ళ దగ్గరే ఉండిపోయాం గనక చూస్తూనే ఉన్నాం, ఇప్పటికీ ఇంట్లోంచి బయలుదేరేముందు స్టవ్ ఆపి, ఆపినట్టు ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది. దారిలో కారు ఆపి ఆ ఫొటో చూసుకుంటుంది. ఆఫీసులో టీమ్ లీడ్ చేస్తామంటే వద్దంది. ‘నా బుర్ర మీద నాకే నమ్మకం లేదు మావయ్యగారూ, ఇంకో పదిమందిని నేనేం నడిపిస్తాను’ అంది. రెండో బిడ్డ మాట ఎవరైనా ఎత్తితే చేతిలో పని వదిలేసి లేచిపోతుంది. మళ్ళీ పిచ్చి వస్తుందని భయం. డాక్టరు చెప్పిందని మనసులోది రాయడం మొదలుపెడితే, అదే నవలై కూర్చుంది.

ఆ పిల్ల స్టవ్‌కు ఫొటో తీసినప్పుడల్లా నాకు నాలుక దురద పెట్టేది. ‘నీ బుర్ర బంగారమే తల్లీ, కత్తులు నిజంగానే పోయాయి’ అని అరవాలనిపించేది. ఒకసారి అనబోయాను కూడా. మా ఆవిడ పక్క గదిలోకి లాక్కెళ్ళి, నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది.

‘ఒట్టెయ్యండి. గడిచిన గండాన్ని పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ గుమ్మంలోకొస్తుంది. ఆ పిల్ల బతికుంది, నాకంతే చాలు.’

‘బతికుంది గానీ, తనకి పిచ్చనుకుంటోందే!’

‘అనుకోనీండి. నేను చెడ్డదాన్నని రాసుకుందిగా, అదీ రాసుకోనీండి. దానికేం కాకుండా ఉంటే నేనేమైతే ఏంటి?’

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు పెద్దలు. వాళ్ళు మా ఆవిడను చూసి ఉండరు.

సినిమా వచ్చేవారం అనగా నీరజ మా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. దర్శకుడు తనకు ముందుగా చూపించలేదట, నలుగురితో పాటే చూడాలట. ‘మీరు రావద్దత్తయ్యా, ప్లీజ్. అది జస్ట్ కథ. అప్పుడు నా హెడ్‌లో ఏవో పిచ్చి ఆలోచనలు, వాటినే పెంచి రాశాను. మిమ్మల్ని డౌట్ పడ్డందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది’ అంది.

‘కోడలి సినిమాకి అత్త రాకపోతే లోకం ఏమనుకుంటుంది? నా వేషం ఎవరు కట్టారో నేను చూడొద్దా?’ అని మా ఆవిడ నవ్వేసింది.

శనివారం పక్కనే ఉన్న క్రాన్‌బోర్న్‌లో షో. తెలుగు అసోసియేషన్ సెక్రటరీ బాలమురళి పెట్టించాడు. చిన్నపిల్లలు చూసే సినిమా కాదని అభినవ్ పాపతో ఇంట్లో ఉండిపోయాడు. మేం బయలుదేరుతుంటే చైత్ర గుమ్మంలో నిలబడి, ‘నానమ్మా, ఆర్ యూ ద బ్యాడీ?’ అంది. ‘అవునే, వచ్చాక నిన్ను మింగేస్తా’ అంది మా ఆవిడ, ఆకుపచ్చ గద్వాల చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ. పెళ్ళికి కట్టుకునే చీర అది.

హాల్లో బాలమురళి మాకు ఎదురొచ్చాడు. ‘అంకుల్, ఆంటీ, మీకు మిడిల్ సీట్స్! కాగితాలు మాత్రం విసరొద్దు, క్లీనింగ్‌కి గోల చేస్తున్నారు’ అన్నాడు, నేనేదో జేబులో కాగితం ముక్కలు నింపుకొచ్చినట్టు. నడుమ మా ఆవిడ, అటు నీరజ, ఇటు నేను కూర్చున్నాం. ముందు వరసల్లోంచి తలలు వెనక్కి తిరిగి మా ఆవిడను చూసి, మళ్ళీ ముందుకు తిరిగాయి.

సినిమా మొదలైంది. ఆ అత్తగారు తెర మీదికి వచ్చినప్పుడల్లా డప్పులు. ఆవిడ తలుపు తీస్తే డప్పులు, మజ్జిగలో గరిటె తిప్పినా డప్పులు. కళ్ళకు అంత కాటుక పెట్టుకుని పురుడు పొయ్యడానికి వచ్చే అత్తను నేను మా రేపల్లెలో గానీ మెల్‌బోర్న్‌లో గానీ చూడలేదు. జనం బుస్సుమంటున్నారు. వెనక నుంచి ఎవడో ‘ఓరినీ, తల్లి కాదురా, తాటకి!’ అన్నాడు. నర్సుకు ఫోన్ చేసే ఘట్టం వచ్చింది. తెర మీది అత్త చీకట్లో నిలబడి, ‘నా కోడలికి మతి చలించింది, బిడ్డని లాక్కోండి’ అని గుసగుసలాడి నవ్వింది. నా పిడికిలి బిగుసుకుంది. మా ఆవిడ నా పిడికిలి విప్పి అందులో పాప్‌కార్న్ పోసింది.

ఇంటర్వెల్‌కు కాస్త ముందు వచ్చిందా ఘట్టం. నవలలో ఒక్కో వస్తువు మాయమవడం ఒక్కో ప్రకరణం. నడుమ ఉగ్గులూ, నిద్రల్లేని రాత్రులూ, మొగుడూ పెళ్ళాల కీచులాటలూ ఉంటాయి. సినిమాకు అంత తీరిక ఎక్కడిది? దర్శకుడు అన్నిటినీ ఒకచోట చేర్చి దడదడా చూపించేశాడు. అత్త చెయ్యి సొరుగు తెరుస్తుంది, కత్తులు తీస్తుంది. అలమర తెరుస్తుంది, మాత్రలు తీస్తుంది. మేకు మీది కారు తాళం తీస్తుంది. స్నానాల గది తలుపు గడియ ఊడదీస్తుంది. ఒకదాని వెనక ఒకటి, మాటా పాటా లేకుండా. ఆఖరున ఆవిడ మనకేసి తిరిగి నవ్వడం, ఢామ్మని డప్పు, ఇంటర్వెల్.

దీపాలు వెలిగాయి. జనం ఈలలు వేస్తూ సమోసాల కోసం బయటికి పోతున్నారు. నీరజ కదల్లేదు. ఖాళీ తెరను అలాగే చూస్తోంది. పోతూ పోతూ సాయిప్రియ ‘అక్కా, కిర్రాక్!’ అని భుజం తట్టినా తెలిసినట్టు లేదు. మా వరసంతా ఖాళీ అయ్యాక నోరు విప్పింది.

‘కత్తులు. టాబ్లెట్స్. కార్ కీస్. గడియ.’

మా ఆవిడ పాప్‌కార్న్ డబ్బా కింద పెట్టింది.

‘ఒకళ్ళకి పిచ్చి పట్టించాలంటే ఇవే ఎందుకు దాస్తారత్తయ్యా? కళ్ళజోడు దాయొచ్చు. ఫోన్ దాయొచ్చు. నగలు తీసి వేరేచోట పెట్టొచ్చు. నేనే రాశాను, కానీ ఎప్పుడూ ఇలా పక్కపక్కన పెట్టి చూళ్ళేదు. ఇవి... ఇవి వేరే అత్తయ్యా.’

‘సినిమావాళ్ళు ఏదో ఒకటి...’

‘సినిమావాళ్ళు కాదు. ఇవన్నీ నాకు జరిగినవి. జరిగాయని అనిపించినవి.’ ఆ పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ‘చిక్కుడుకాయలు. బచ్చలికూర. ఉడకబెట్టి చిదిమిన బంగాళాదుంప. కాల్చిన వంకాయ. నెలల తరబడి చేత్తో తుంచినవే వండారు మీరు. పథ్యం అన్నారు. పథ్యానికి కాదు కదా?’

అది నిజం. కత్తి లేకుండా ఏ కూరలు అవుతాయో ఆ కూరలే మా ఇంట్లో అయ్యేవి. తింటూ నేను సణిగేవాణ్ణి కూడా.

‘మీరు దాచారా అత్తయ్యా?’

మా ఆవిడ నావైపు చూసింది. జీవితంలో మొదటిసారి ఏం చెయ్యాలో నన్ను అడుగుతున్నట్టు చూసింది. ఒట్టు వేశాను గనక నేను చెప్పకూడదు. ఆవిడ చెప్పొచ్చు. ‘చెప్పు శారదా’ అన్నాను.

‘దాచానమ్మా’ అంది.

నీరజ ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది. ‘అయితే నాకు పిచ్చి లేదా?’

‘లేదు తల్లీ. జబ్బు చేసింది. పిచ్చి కాదు. నువ్వు చూసినవన్నీ నిజమే. అన్నీ నేనే తీశాను.’

ఆ పిల్ల సంతోషిస్తుందనుకున్నాను. కోపం వచ్చింది. ఎర్రగా, నిలువెల్లా వచ్చింది. ‘ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని! నా కళ్ళలోకి చూసి, నువ్వే మర్చిపోయావన్నారు. ఇన్నేళ్ళూ నేను స్టవ్ ఆపానో లేదో నాకు తెలీకుండా బతికాను. పాపని ఎత్తుకున్నప్పుడల్లా భయపడ్డాను, నా చేతుల్ని నేనే నమ్మలేక. మీరు పక్కనే ఉండి చూశారు. మావయ్యగారూ, మీరూ చూశారు!’

నేను తల దించుకున్నాను.

‘ఏం చెప్పను?’ అంది మా ఆవిడ. ‘నువ్వు చచ్చిపోతావని భయమేసి దాచానని చెప్పనా? పచ్చి బాలింతవి, ఎలా అనను ఆ మాట? అంటే జరుగుద్దేమోనని నా భయం. నీ పెళ్ళప్పుడు మీ అమ్మకి మాటిచ్చాను, నీ పిల్ల నా పిల్ల అని. ఆవిడ రాలేకపోయింది. నువ్వు నాకు మిగలకపోతే ఆవిడకి నేనేం చెప్పేదాన్ని?’ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ‘తప్పు చేశానా?’

‘చేశారు’ అంది నీరజ.

నేను మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

‘చేశారత్తయ్యా. చెప్పి దాయాల్సింది.’ జనం సమోసాలు పట్టుకుని లోపలికి వస్తున్నారు. అప్పుడు గొంతు తగ్గించి అంది, ‘నేను వంట కోసం వెతకలేదు వాటిని.’

‘తెలుసమ్మా.’

‘అన్ని సొరుగులూ వెతికాను. రోజూ వెతికాను. ఒక్కటీ దొరకలేదు.’

‘తెలుసు. నువ్వు వెతికిన చోటల్లా నీకంటే ముందు నేను వెతికాను.’

నీరజ మా ఆవిడ ఒళ్ళో తల పెట్టేసుకుంది, ఇద్దరి సీట్ల నడుమ చేతులు ఆనించే చెక్క గుచ్చుకుంటున్నా లెక్కచెయ్యకుండా. మా ఆవిడ ఆ జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ కూర్చుంది. వరస చివర నుంచి బాలమురళి మైకు పట్టుకుని వచ్చాడు, ‘రైటర్ గారు రెండు మాటలు...’ అంటూ. ఆర్టీసీలో టిక్కెట్టు లేనివాణ్ణి దించేసినప్పటి చూపు ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. అది చూపిస్తే వెనక్కి తిరిగి వెళ్ళాడు.

దీపాలు ఆర్పారు. ‘వెళ్ళిపోదామా అత్తయ్యా?’ అంది నీరజ తల ఎత్తకుండానే. ‘ఇప్పుడు లేస్తే అందరి కాళ్ళూ తొక్కాలి, కూర్చో’ అంది మా ఆవిడ.

రెండో సగంలో ఏం జరిగిందో నేను సరిగా చూడలేదు. నిజం బయటపడ్డట్టుంది, కోడలు అత్తను మేడ మెట్ల మీదికి తరుముతోంది, డప్పులు చెవులు పగలగొడుతున్నాయి. హాలంతా లేచి నిలబడి ‘తొయ్! తొయ్!’ అని అరుస్తోంది. ఆ గోలలో నీరజ లేచి మా ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టింది. పక్కనే ఉన్నాను గనక నాకు వినిపించింది.

‘ఇప్పుడు అలా అనిపించట్లేదత్తయ్యా.’

‘మళ్ళీ ఎప్పుడన్నా అనిపిస్తే?’

‘చెప్తాను. కానీ మీరు అడగాలి. ఆ మాటే పెట్టి అడగాలి.’

తెర మీది అత్త మెట్ల మీంచి దొర్లి పడింది. జనం ఈలలు వేశారు.

‘అడుగుతానమ్మా’ అంది మా ఆవిడ.